గొలుసు దుకాణములు – పొందూరు పేరు

పరప్రభుత్వము ఎల్లప్పుడును ఫిరంగులతోనే రాదు. మన సర్కారు తీరమునకు అది త్రాసుతో వచ్చినది. చికాకోలు సన్నబట్టలను కొనుటకు వచ్చిన కంపెనీవారు మొదట బేరమాడిరి. పిదప బయానాలిచ్చి నేతవారిని కట్టివేసిరి. 1766లో నిజాముతో సంధి జరిగి ఉత్తర సర్కారులు చేజిక్కిన మీదట కొనువాడును, శిస్తు వసూలు చేయువాడును, తగవు తీర్చువాడును ఒక్కడే యయ్యెను. ఆ పిమ్మట మాంచెష్టరు మిల్లు నూలు మన మగ్గమెక్కినది. మన రాట్నము అటకెక్కినది. వర్తకమునకును రాజ్యాధికారమునకును గల యీ చుట్టరికమును మరచిన జాతి రెండవమారు మోసపోక తప్పదు. అందుచేతనే నేడు మన దేశమున నలుదెసల వ్యాపించుచున్న అమెరికా గొలుసు వ్యాపారములను గూర్చి పాఠకులతో కొంత విపులముగ ముచ్చటింప దలచితిమి.

గొలుసు వ్యాపారమనగా నేమి? ఒక కంపెనీ, దానికి వేలకొలది దుకాణములు, అన్నిటి నుదుటను ఒకటే బోర్డు, అన్నిటిలోను ఒకటే సరకు, ఒకటే రుచి, ఒకటే ధర. ఏ యూరి దుకాణములో ఏమి యమ్మవలెనో, ఎవరియొద్ద కొనవలెనో ఆ యూరివారు నిర్ణయింపరు; సముద్రముల కావల నున్న కార్యాలయము నిర్ణయించును. దుకాణదారుడు మనవాడే కావచ్చును, పెట్టుబడి మనదే కావచ్చును. అయినను పేరు వారిది, పద్ధతి వారిది, అమ్మకములో రాచరుసుము వారిది. పూర్వము జమీందారు ఊర లేకున్నను శిస్తు మాత్రము క్రమముగ చేరునట్లే, ఈ కంపెనీ లేనిచోట సైతము దాని పాలు దానికి చేరుచునే యుండును.

ఈ రాకకు చరిత్ర గలదు. 1977లో విదేశీ వాటాను నలువది శాతమునకు తగ్గించుకొనవలెనన్న నియమమునకు లోబడక కోకాకోలా కంపెనీ మన దేశమును విడిచిపోయినది. ఆర్థిక ద్వారములు తెరచిన పిదప 1993లో తిరిగివచ్చి, అంతవరకు దేశీయ పానీయములుగా పేరొందిన థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్‌లను వాని యజమానులనుండి కొనివేసినది. థమ్సప్ నిలిచినది, గోల్డ్ స్పాట్ కొంతకాలమునకు అంగళ్లనుండి అదృశ్యమైనది, దాని పీటపై ఫాంటా కూర్చున్నది. 1995లో బెంగుళూరున కేఎఫ్‌సీ, 1996లో ఢిల్లీయందు మెక్‌డొనాల్డ్స్, ఆ యేడే డొమినోస్, 2012లో బొంబాయియందు టాటాలతో కలసి స్టార్‌బక్స్ అడుగిడినవి. 2013లో అమెజాన్ తన అంగడిని తెరచినది. 2018లో వాల్‌మార్టు ఫ్లిప్‌కార్టులో 77 శాతము వాటాను 1600 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది. ఇరువదియైదేండ్లలో పానీయమునుండి ఫలహారమునకు, ఫలహారమునుండి సమస్త వస్తువులకును వ్యాపించిన యీ క్రమమును గమనించినచో, దీనిని చెదురుమదురు వర్తకముగా ఎవరును తలపజాలరు.

"విశాఖపట్టణపు సంగతి విశాఖపట్టణమునకు, మన పొందూరునకు వీనితో నేమి పని?" యని యడుగువారున్నారు. రైలు దిగి సంతవైపు నడచువానికి ఇచ్చట అమెరికా వారి బోర్డులు కనబడవు గదా యని వారి ధైర్యము. అయ్యా, బోర్డు కనబడకపోవుటయే యిందలి విశేషము. 2012లో కేంద్ర ప్రభుత్వము బహుళ సరకుల చిల్లర వర్తకమున విదేశీ పెట్టుబడిని 51 శాతము వరకు అనుమతించినప్పుడు కొన్ని కట్టుబాట్లు విధించినది. పదిలక్షల జనాభాకు మించిన నగరములలోనే దుకాణములుండవలెను. రాష్ట్ర ప్రభుత్వము సమ్మతింపవలెను. సరకులో 30 శాతము చిన్న పరిశ్రమలనుండి కొనవలెను. చిన్నయూళ్ల వర్తకులు ఆ కాగితమును చూచి ఊపిరి పీల్చుకొనిరి. కాని ముందువాకిట కాపలా పెట్టి పెరటితలుపు తెరచినట్లు, టెలిఫోనుద్వారా వర్తకము సాగించు వేదికలకు నూరు శాతము విదేశీ పెట్టుబడి అనుమతింపబడినది. ఆ వేదికకు పదిలక్షల జనాభా అక్కరలేదు. తపాలా సంఖ్య యొకటి యున్న చాలును. పొందూరును ఒకటే, బొంబాయియు ఒకటే. నగరమునకు పరిమితమని వ్రాసిన వ్యాపారము, ప్రతి యింటి గడప దాటి, ప్రతివాని జేబులో కూర్చున్నది.

గొలుసు పూర్తిగా బిగిసిన పిమ్మట ఎట్లుండునో తెలియగోరువారు కరీబియను ద్వీపములవంక చూడవలెను. ఆ ద్వీపములు మనకు కేవల పరాయివి కావు. పందొమ్మిదవ శతాబ్దమున చెన్నపట్టణపు రేవునుండి ఓడలెక్కి ట్రినిడాడు, గయానా, మార్టినిక్, గ్వాడెలూపు చెరకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారును గలరు. అచ్చటివారు వారినందరిని "మద్రాసీ"లని పిలిచిరి. ఆ తోటల సూత్రమొకటే: పండించినదెల్ల ఓడకెక్కవలెను, తినునదెల్ల ఓడ దిగవలెను. దొరతనము పోయినను ఆ సూత్రము పోలేదు. స్వతంత్రములైన పిదపకూడ ఆ ద్వీపములలో పెక్కింటికి ఆహారములో అధికభాగము దిగుమతియే.

ట్రినిడాడులో కేఎఫ్‌సీ వారి కోడివేపుడు 1973లోను, జమైకాలో 1975లోను ప్రవేశించినది. రెండుచోట్లను దుకాణములు నడపునవి స్థానిక కంపెనీలే. పేరును పాకమును మాత్రము అమెరికావి. ఇంతవరకు వినోదముగనే తోచును. కాని వంటయింటి వెనుక పొలమున్నదను సంగతి మరువరాదు. 1990 దశకమున అప్పులిచ్చినవారి షరతులకు లోబడి జమైకా ప్రభుత్వము పాలపొడిపై రక్షణసుంకములను తొలగించినది. పరదేశములందు రాయితీలు పొందిన పాలపొడి చౌకగా వచ్చిపడినది. జమైకా పాడిరైతులు పాలు కొనువారు లేక పారబోసుకొనిరి, పశువులను కోతకమ్ముకొనిరి. హెయిటీలో నిట్లే బియ్యముపై సుంకమును 3 శాతమునకు దించగా అమెరికా బియ్యము దేశీయ బియ్యమును త్రోసివేసినది. 2010 మార్చిలో మాజీ అధ్యక్షుడు క్లింటన్ తమ దేశపు సెనేటు సంఘము ఎదుట, ఆ విధానము తన స్వరాష్ట్రమైన అర్కాన్సాసులోని కొందరు రైతులకు మేలు చేసియుండవచ్చును గాని హెయిటీకి కీడే చేసినదని యొప్పుకొనెను. ఒప్పుకోలు వచ్చినది, ఎండిపోయిన పొలములు మాత్రము తిరిగి రాలేదు.

ఇందు మనము గ్రహింపవలసినది, గొలుసు దుకాణము ఒంటరిగా రాదనుట. దాని వెనుక సరకు తెచ్చు మార్గము, దాని వెనుక సుంకపు ఒడంబడిక, దాని వెనుక అప్పు, దాని వెనుక రాయబారి యుందురు. దుకాణమును మాత్రము చూచి "రుచి బాగున్నది" యనువాడు గాలపు ముల్లును చూడక ఎరను మెచ్చుకొను చేపవంటివాడు.

అట్లని ఈ కంపెనీలు అజేయములని భయపడ నక్కరలేదు. బార్బడోసులో మెక్‌డొనాల్డ్స్ 1996లో తెరచి ఆరునెలలు గడవకమునుపే మూసివేయవలసి వచ్చినది. జమైకాలో అదే కంపెనీ 1995లో వచ్చి 2005లో వెడలిపోయినది. వాల్‌మార్టు 2006లో జర్మనీని, దక్షిణ కొరియాను విడిచినది. ఎచ్చట ప్రజలు తమ రుచిని, తమ వాడుకను విడువలేదో, ఎచ్చట స్థానిక వర్తకులు తమ పనిని శ్రద్ధతో చేసిరో, అచ్చట గొలుసు తెగినది. మన గోదావరి మండలమున రామచంద్రపురమునందు 1919లో పుట్టిన ఆర్టోస్ పానీయము పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనల హోరులో నేటికిని నిలిచియున్నది గదా! చిన్నది పెద్దదానిచే తప్పక మ్రింగబడవలెనన్న శాసనమెచ్చటను లేదు.

మరియొక సంగతి. గొలుసు దుకాణములను ప్రతిఘటించుట వెనుకబడినవారి మూఢత్వమని ఎగతాళిచేయు విద్యావంతులు కొందరు మనలోను గలరు. వారు అమెరికా చరిత్రనే చదువవలెనని మా ప్రార్థన. 1920, 30 దశకములలో ఆ దేశపు రాష్ట్రములు పెక్కు గొలుసు దుకాణములపై ప్రత్యేకపు పన్నులు విధించినవి. 1931లో ఇండియానా రాష్ట్రపు పన్నును ఆ దేశపు సుప్రీంకోర్టు సమర్థించినది. 1933లో ఫ్లోరిడా చట్టములో కొంతభాగమును కొట్టివేసినప్పుడు న్యాయమూర్తి బ్రాండైస్ అసమ్మతి తీర్పు వ్రాసి, అర్థబలము కొద్దిచేతులలో పోగుపడినచో ప్రజాస్వామ్యమునకే ముప్పనియు, దానిని అరికట్టు హక్కు ప్రజలకు గలదనియు వాదించెను. పెద్ద కొనుగోలుదారునకు ఒక ధర, చిన్న వర్తకునకు మరియొక ధర చెప్పి పోటీని చంపరాదని 1936లో రాబిన్సన్–పాట్మన్ చట్టము చేసిరి. తమ యింట తామే కట్టడి చేయజూచిన దానిని మన యింట విచ్చలవిడిగా వదలవలెనని బోధించుట యెట్టి న్యాయము?

ఇక వీరి పద్ధతిని విచారింతము. వీరి ముఖ్యాయుధము నష్టము. ఆశ్చర్యపడకుడు. మన వర్తకుడు లాభము లేనిదే నెల గడుపలేడు. వారు నష్టముతో ఏండ్లు గడుపగలరు. ఏలయన, వారి నష్టమును ధనికులైన వాటాదారులు భరింతురు. ఈ యుక్తి క్రొత్తది కాదు. 1906లో చిదంబరం పిళ్లెగారు తూత్తుకుడి–కొలంబోల మధ్య స్వదేశీ ఓడలను నడుపగా, తెల్లవారి ఓడల కంపెనీ టిక్కెట్టు ధరను తగ్గించి, ఇంకను తగ్గించి, తుదకు ఊరక ఎక్కించుకొని పైగా గొడుగొకటి బహుమతిగా నిచ్చునంతవరకు వచ్చెనని ప్రసిద్ధి. పిళ్లెగారు 1908లో కారాగారమునకు పోయిరి. 1911లో ఆ కంపెనీ మూతపడినది. గొడుగు పుచ్చుకొన్నవారు ఆ పిదప తిరిగి తెల్లవారి టిక్కెట్టే కొనవలసి వచ్చెను. నేడు పండుగ అమ్మకముల పేర టెలిఫోనులో మెరయు సగము ధరలను చూచినప్పుడెల్ల మాకు ఆ గొడుగు జ్ఞాపకమునకు వచ్చుచుండును.

చట్టము లేకపోలేదు. 2002 నాటి పోటీ చట్టము పెత్తనము గల సంస్థ పోటీదారుని చంపుటకై ధరలు దించుటను నిషేధించుచున్నది. 2018 డిసెంబరు 26న వెలువడిన కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము, విదేశీ పెట్టుబడి గల విపణివేదిక తన సొంత సరకును అమ్మరాదు. తనకు వాటా గల అమ్మకందారునిచే అచ్చట అమ్మింపరాదు. 2020 జనవరిలో పోటీ సంఘమువారు అమెజాన్, ఫ్లిప్‌కార్టులపై దర్యాప్తునకు ఆజ్ఞాపించిరి. కంపెనీలు హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు పోయినవి. దర్యాప్తును ఆపుటకు సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో నిరాకరించినది. అనగా దర్యాప్తు జరుగవలెనా వలదా యను ప్రశ్నకే ఏడాదిన్నర పట్టినది! న్యాయస్థానముల నెరిగినవారము గనుక చెప్పుచున్నాము: కాలము ధనికుని పక్షమున నుండును. వ్యాజ్యము నడచుచుండగా కంపెనీ ఎదుగును, కిరాణా వర్తకుడు తాళము వేసికొనును. గెలిచిన తీర్పును తీసికొని వచ్చునప్పటికి దానిని అందుకొనుటకు అంగడిలో మనుష్యుడుండడు.

ప్రతిపక్షమువారి వాదమును మేము విననివారము కాము. "కొనువానికి చౌకగా దొరకుచున్నది గదా! మీ కిరాణా వర్తకుడు మాత్రము ధర్మరాజా? తూకములో తరుగు, సరకులో కల్తీ, అరువు పుస్తకములో వడ్డీ, పేదవానిపై విసుగు – ఇవి లేవా?" యని వారందురు. ఉన్నవి. వానిని కప్పిపుచ్చుట మా పని కాదు. ధర స్పష్టముగ వ్రాసి, నచ్చని సరకును మారుమాట లేక తిరిగి పుచ్చుకొను పద్ధతిని ఆ కంపెనీలనుండి మన వర్తకులు నేర్చుకొనవలసియే యున్నది. కాని ఊరి వర్తకుని దోషమును ఊరివారు నిలదీయవచ్చును; పదిమంది కలసి అంగడి ముందు నిలిచిన అతడు జవాబు చెప్పకతప్పదు. టెలిఫోనులోని వర్తకుని ఎవరు నిలదీయుదురు? పనులు లేని నెలలలో కూలివానికి బియ్యము అరువిచ్చు కంపెనీ యేది? తుపాను వచ్చి దారులు తెగిననాడు కొట్టు తెరచి కిరసనాయిలు, అగ్గిపెట్టె లిచ్చువాడెవడు?

"ఉద్యోగములిచ్చుచున్నారు గదా!" యనునది రెండవ వాదము. సత్యమే. 2019లో అమెజాన్‌వారు హైదరాబాదునందు ప్రారంభించిన కార్యాలయ భవనము ఆ కంపెనీకి ప్రపంచమున గల సొంత భవనములలో కెల్ల పెద్దదని చెప్పుకొనిరి. మన బిడ్డలకు అందు పనులు దొరకుట సంతోషమే. కాని ఎంచవలసినది వచ్చిన జీతములనే కాదు, పోయిన యాజమాన్యములనుకూడ. సొంత కొట్టుగలవాని కొడుకు మోటారుసైకిలుపై పరుల మూటలు మోయుచు, గంటకిన్ని యింటికి చేర్చవలెనన్న యంత్రపు ఆజ్ఞకు లోబడి తిరుగుచున్నచో, లెక్కల పుస్తకమున ఒక ఉద్యోగము పెరిగినట్లే యుండును. ఊరిలో మాత్రము ఒక స్వతంత్రుడు తగ్గినాడు.

స్వదేశీయనగా చర్మపు రంగు కాదనికూడ ఇచ్చట స్పష్టముగ చెప్పవలెను. బొంబాయి కోటీశ్వరుని గొలుసు మెడకు పూలదండయై, అమెరికా కోటీశ్వరుని గొలుసు మాత్రమే సంకెలయగునా? సంపద కొద్దిమంది చేతులలో పోగుపడి ప్రజలకు చేటు కలుగరాదని మన రాజ్యాంగపు 39వ అధికరణము ఆదేశించుచున్నది. గ్రామములలో కుటీర పరిశ్రమలను వ్యక్తిగతముగ గాని సహకార పద్ధతిని గాని పెంపొందింపవలెనని 43వ అధికరణము చెప్పుచున్నది. ఈ రెండును స్వదేశమున పుట్టినవానికిని వర్తించును.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఈ అమెరికా వర్తకుల యొద్ద మనము నేర్చుకొనవలసిన విద్య యొకటి గలదు. అది పేరును కాపాడుకొనుట. వారి కోడివేపుడు కాని, వారి కాఫీ కాని మానవమాత్రులు చేయలేని వింత కాదు. వారు అమ్ముచున్నది పేరు. ఆ పేరు వాడుకొనుటకు మన ధనవంతులు కోట్లు చెల్లించుచున్నారు. ఆ పేరులో నొక అక్షరమును ఎవడైన దొంగిలించిన, ప్లీడర్లను పంపి కోర్టుకీడ్చుదురు. మరి మనకు పేరు లేదా? పొందూరను మూడక్షరములు పేరు కావా?

ఈ యూరి సన్నఖద్దరును గాంధీమహాత్ముడు తన యంగ్ ఇండియా పత్రికలో ప్రశంసించెను. కొండపత్తిని గింజతో నున్నప్పుడే వాలుగ చేప దవడయెముకకు గల సన్నని పండ్లతో దువ్వి, చెత్తాచెదారము తీసి, గింజను వేరుచేసి, ఏకి, ఏకులుగా చుట్టి, అవి ఎండిపోకుండ అరటి డొప్పలలో భద్రపరచి, ఒంటి కదురు రాట్నముపై నూరు మొదలు నూటయిరువది కౌంటు వరకు నూలు తీయుట మన స్త్రీలు తరతరములుగా కాపాడుకొనివచ్చిన విద్య. ఏ యంత్రమునకును ఆ చేప పండ్ల మెత్తదనము రాలేదు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఈ పనిని నేటివరకు నిలుపుచున్నది. ఇంతటి పేరు అమెరికాలో నొక యూరికి ఉండియుండినచో, ఆ పేరుపై వేయి దుకాణముల గొలుసు లేచియుండెడిది.

మనయొద్ద జరుగుచున్నదేమి? వడికెడు చేతులు ముసలివగుచున్నవి. తల్లి రాట్నమును కూతురు ముట్టుట లేదు. ముట్టుమనుటకు తల్లికిని నోరు రాదు, ఏలయన దినమంతయు వడికినను వచ్చు కూలి ఇతరపు పనులలో వచ్చుదానికి సరిరాదు. ఇంకొకవైపున మరమగ్గముపై మిల్లు నూలుతో నేసిన బట్టకు "ఖద్దరు" అనియు, ఒక్కొక్కచో "పొందూరు" అనియు చీటీలంటించి అమ్మువారికి కొదవలేదు. నాలుగవవంతు ధరకు "పొందూరు పంచె" యింటికి వచ్చినదని సంతోషించు పట్టణవాసి, పొందూరులో నొక రాట్నమును ఆపివేసితినని యెరుగడు. చౌకబట్ట నూలును ఓడించుట ఒక యెత్తు. నూలు పేరునే తొడుగుకొని నూలును ఓడించుట మరియొక యెత్తు. మొదటిది పోటీ, రెండవది దొంగతనము.

చట్టమిచ్చటను స్పష్టముగనే యున్నది. 1956 నాటి ఖాదీ గ్రామోద్యోగ సంఘ చట్టము ప్రకారము ఖాదీయనగా భారతదేశమున చేత వడికిన నూలుతో, భారతదేశమున చేమగ్గముపై నేసిన వస్త్రమే. 2013లో ఖాదీ ముద్రను గూర్చిన నిబంధనలు వచ్చినవి. ఆ ముద్ర లేక ఖాదీయని అమ్మరాదు. ఊరి పేరును ఊరికే చెందునట్లు చేయుటకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టమున్నది. కాని పట్టాను గోడకు తగిలించినంతమాత్రమున నేతగానికి కూడు పుట్టదు. పోచంపల్లి ఇక్కతు దేశమున మొట్టమొదట ఈ రక్షణ పొందినవానిలో నొకటి. అయినను ఇక్కతువలె అచ్చుగుద్దిన బట్టలు ప్రతి బజారులోను వ్రేలాడుచునే యున్నవి. చట్టము కర్రవంటిది, పట్టుకొను చేయి లేనిచో అది మూలనుండును. ప్రభుత్వమే కొన్నిమారులు ఆ కర్రను విరుచుటయు కలదు. పింగళి వెంకయ్యగారు పుట్టిన యీ నేలపై, ఖద్దరునకు కడపటి గౌరవముగ మిగిలియున్న జాతీయ పతాకమును, యంత్రముపై పాలియెస్టరుతో చేయవచ్చునని 2021 డిసెంబరులో నియమావళిని సవరించిరి. జెండాయే నూలును విడిచినప్పుడు జనులను విడువవలదని చెప్పుట కెవరికి నోరాడును?

కావున కర్తవ్యమేమి? దుకాణములపై రాళ్లు రువ్వుట కాదు, ఫలానిది తినినవాడు దేశద్రోహియని దూషించుట కాదు. అట్టి పని ఒక పూట పొగరేపును, మరునాడు నవ్వులపాలగును. మేము కోరునవి నాలుగు.

మొదటిది ప్రభుత్వమునకు. ఉన్న చట్టమును అమలుజరుపుడు. ఖాదీ ముద్ర లేని బట్టను ఖాదీయని చూపు ప్రతి వేదికకు, అది అమెరికాదైనను మనదైనను, బాధ్యత గట్టుడు. "మేము అమ్మకందారులము కాము, వేదిక మాత్రమే" యను తప్పుకోలును అంగీకరింపకుడు. సంతలో దొంగసరకు అమ్మినచో సంత గుత్తేదారుని అడుగమా?

రెండవది వర్తకులకు. 1844లో ఇంగ్లండునందలి రోచ్‌డేల్ పట్టణమున ఇరువదియెనిమిది మంది, వారిలో పలువురు నేతపనివారు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి కొట్టొకటి తెరచిరి. సరియైన తూకము, కల్తీ లేని సరకు, లాభములో కొనువానికి పాలు – ఇవి వారి నియమములు. ప్రపంచ సహకారోద్యమమునకు అది మూలమైనది. పొందూరు, ఆమదాలవలస, రాజాం వర్తకులు సరకును ఉమ్మడిగ కొన్నచో, పెద్దవానికి దొరకు ధరయే వీరికిని దొరకును. ఒంటరి కొట్టు గొలుసునకు లొంగును. కొట్లు కలసిన యెడల అవియే గొలుసగును, కాని ఆ గొలుసుకొస మన చేతిలో నుండును.

మూడవది నేత, వడుకు సంఘములకు. టెలిఫోనును వెలివేయ నక్కరలేదు. దానియందు మన పేరుతో మన యంగడి పెట్టుకొనవలెను. ప్రతి పంచె కొంగున ముద్రయు, ఏ యేడాది పత్తియో, ఎన్నవ కౌంటో తెలుపు సంఖ్యయు నుండవలెను. పేరునకు వచ్చు అధికపు ధరలో మొదటి పాలు అమ్మువానికి గాక వడికినదానికి చేరవలెను. చిలపకూలి పెరుగనిదే రాట్నము నిలువదు. రాట్నము నిలువనిదే ముద్ర ఉత్త కాగితము.

నాలుగవది పాఠకులకు. పఠనమందిరమున ఈ పత్రికను చదివి మడచి లేచుటకు ముందు ఒక లెక్క వేసికొనుడు. ఏడాదికి మన యింట బట్టలకు, పానీయములకు, ఫలహారములకు వెచ్చించు రూపాయలలో ఎన్ని ఈ తాలూకాలో తిరుగుచున్నవి, ఎన్ని తిరిగిరాని దారిని పోవుచున్నవి? ఊరిలో తిరుగు రూపాయి నేతగాని చేతినుండి దర్జీకి, దర్జీనుండి కూరగాయలమ్మకు, ఆమెనుండి పిల్లవాని పంతులుకు పోయి, మరల మన వాకిటికే వచ్చును. దాటిపోయిన రూపాయి ఒక్క వాకిటినే చూచును. సంవత్సరమునకొక జత పొందూరు బట్ట, అదియు ముద్ర చూచి, సంఘపు కొట్టులోనే కొనుట మధ్యతరగతి కుటుంబమునకు భారము కాదు. పెండ్లికి పట్టుపై వెచ్చించు దానిలో అది యెన్నవ వంతు?

రాజకీయ స్వాతంత్ర్యమును మన పెద్దలు తెచ్చియిచ్చిరి. దానిని చెరసాలలలో సంపాదించిరి. అంగడిలో స్వాతంత్ర్యమును తెచ్చియిచ్చుటకు వేరెవ్వరును రారు. దానికి చెరసాల అక్కరలేదు, కాసింత విచారణయు, కొంచెము ఓర్పును చాలును. కరీబియను ద్వీపములు తమ పాలను పారబోసుకొనిన తరువాత మేలుకొన్నవి. మనయొద్ద ఇంకను వడికెడు చేతులున్నవి, నేసెడు మగ్గములున్నవి, తెరచిన కొట్లున్నవి. ఉన్ననాడే కాపాడుకొనుట వివేకము. పోయిన పిమ్మట పొందూరు పేరు సైతము మరొకని బోర్డుపై కనబడును. దానిని వాడుకొనుటకు మన మనుమలు రుసుము చెల్లింతురు.